పుక్కిట నీళ్లు

మా పక్కింటి హబీబా గురించి ఊళ్లో ఒక కథ చెప్తారు. కరువులో అందరూ విత్తనం తినేస్తే ఆమె మాత్రం దాచిందని, వాన వస్తుందని గట్టిగా నమ్మిందని, ఆ నమ్మకమే ఆమెను నిలబెట్టిందని. వినీ వినీ నాకు విసుగు పుట్టింది. గోడకు ఇవతల ఉండి అంతా చూసినదాన్ని, జరిగింది చెప్తాను.

యాభై రెండులో ముదిగుబ్బ చుట్టూ వానలు మొహం చాటేశాయి. హబీబా మొగుడు బుడేన్ సాబ్ గుంతకల్లుకు కూలికి పోయాడు. ఇంట్లో మిగిలింది హబీబా, అత్త అమీర్ బీ, అటక మీద ఒక మూట విత్తనపు శనక్కాయలు. మా ఇంట్లో విత్తనం ఎప్పుడో వేయించుకుని తినేశాం. వాళ్లిద్దరూ మాత్రం గంజి కేంద్రంలో పోసే గంజితోనే పొద్దు గడిపేవాళ్లు.

ఆరుద్ర కార్తెలో ఒకరోజు మబ్బు పట్టింది. హబీబా మూట దించి, కాయలు ఒలవడానికి కూర్చుంది. కూర్చునే ముందు చెంబెత్తి నోటి నిండా నీళ్లు పట్టింది. మింగదు, ఉమ్మదు. నోరు ఖాళీగా ఉంటే చెయ్యి దానంతటదే గింజ తెచ్చి వేస్తుందని, ఆ పద్ధతి ఆమెకు నేర్పింది అమీర్ బీనే.

సాయంత్రం మంచంలోంచి ముసలామె పిలిచింది.

"హబీబా, నోరు చప్పగా ఉండాది. నాలుగు గింజలు పెట్టు తల్లీ."

హబీబా తల అడ్డంగా ఊపింది. చేతులు ఆగలేదు.

"నాలుగే అడిగినా కదమ్మా."

మళ్లీ ఊపింది. అమీర్ బీ గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లవారి లేవలేదు. ఎండిపోయిన ఆ ఒంటిని నాలుగు గింజలు బతికించేవి కావు. నాకు తెలుసు, హబీబాకూ తెలుసు. ఖననం అయ్యాక ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుని, నోట్లో నీళ్లు పట్టుకుని, మిగిలిన కాయలు ఒలిచింది.

వారం తిరక్కుండా వాన పడింది. ఊళ్లో చేతిలో విత్తనం ఉన్నది ఆమె ఒక్కదానికే. బాగా పండింది. మరుసటి ఏడు అందరం ఆమె దగ్గరే విత్తనం తెచ్చుకున్నాం. పదేళ్లలో ఇంకో మూడెకరాలు, ఒక పెంకుటిల్లు అమరాయి.

అరవై మూడులో గ్రామసేవక్ బడి ముందు సభ పెట్టి హబీబాకు దండ వేయించాడు. "మంచే జరుగుతుందని మనసులో గట్టిగా అనుకుంటే జరిగి తీరుతుంది. దానికి ఈ తల్లే సాక్ష్యం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నాలుగు మాటలు చెప్పమంటే హబీబా లేచింది. "నేనేమీ అనుకోలేదు సార్. నోట్లో నీళ్లు పట్టుకున్నా, ఒలిచినా, అంతే" అని కూర్చుంది. జనం నవ్వారు.

ఇంటికొస్తూ దారిలో నన్ను ఆపింది. దండ ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ నాలుగు గింజలు పెట్టకపోయినందుకు కాదక్కా నా బాధ" అంది. గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు. "ఆ నీళ్లు ఊసేసి, 'వాన పడనీ అత్తా, పెడతా' అని నోటితో చెప్పాల్సింది. కడాకు ఆమెకు నేను తల ఊపింది తప్ప ఒక్క మాట కూడా చెప్పలేదు."