యంత్రానికి నేర్పిన చదరంగం

మొన్న హబ్సిగూడలో ఇడ్లీ తింటుంటే, పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఫోనులో చదరంగం ఆడి, ఓడిపోయి, నవ్వుకుంటున్నారు. నేను చూస్తున్నానని గమనించి ఒకడు, “దీన్ని ఎవ్వడు గెలవలేడు తాతా, ప్రపంచ ఛాంపియన్ అయినా అంతే” అన్నాడు. గెలవగా చూశానని చెప్పబోయి ఊరుకున్నాను. అది చెప్పాలంటే ఒక లెక్చరర్ సంగతి కూడా చెప్పాలి. నా ఈడువాళ్లకైతే చెప్పొచ్చు.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వడ్డించేవాణ్ణి. అక్షరం ముక్క రాదు. నాకు పిల్లనిచ్చిన మామ నేర్పిన చదరంగం మాత్రం వచ్చు. సాయంత్రం తార్నాకలోని ఇరానీ హోటల్లో గళ్లు గీసిన గుడ్డ పరిస్తే, బట్టల దుకాణం సేటు మొదలు రైల్వే గుమాస్తాల దాకా నా ఎదుట కూర్చున్నవాళ్లే కానీ, గెలిచి లేచినవాడు లేడు. “ఏంది సేటూ, రాజును కాపాడుకుంటవా, చాయ్ చల్లార్చుకుంటవా” అని నేనంటే హోటలంతా నవ్వేది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

అక్కడికే ఒక లెక్చరర్ వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకంటే రెండేళ్లు చిన్న. క్యాంపస్‌లోకి గదంత కంప్యూటర్ వచ్చిందనీ, కార్డులనే అట్టముక్కలకు చిల్లులు పొడిచి దానికి పని చెప్తారనీ, దానికి చదరంగం నేర్పాలని తన కోరిక అనీ చెప్పి, నేను వేసే ప్రతి ఎత్తూ నోటుబుక్కులో రాసుకునేవాడు. గుర్రాన్ని ఎందుకు వెనక్కి తీశావు, ఏనుగును ఎందుకు పోనిచ్చావు అని అడిగితే సొంత తమ్ముడికి చెప్పినట్టు విడమరిచి చెప్పేవాణ్ణి. మా పాత పద్ధతిలో బంటు మొదట కూడా ఒక్క గడే నడుస్తుంది. రెండు గళ్లు నడిచే కొత్త పద్ధతి ఆయనే నాకు నేర్పాడు. ఆరు నెలలు అలా గడిచాయి. మా ఇంట్లో అన్నం తిన్నాడు, మా ఆవిడను వదినా అని పిలిచాడు. “మిషన్‌కు ఎదురుగ కూసునేది నువ్వే అన్నా, ఇంకెవ్వడు గాదు” అని ఆమె ముందే మాటిచ్చాడు. ఆమె సీతాఫల్‌మండిలో మా వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

యంత్రంతో పోటీ జరిగే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్తే వరండాలోనే నన్ను ఆపాడు. ఆడేవాడు తన ఎత్తులు తన చేత్తో రాసుకోవాలని పోటీ నియమమట. నాకు రాయడం రాదు కనుక సికింద్రాబాదు నుంచి ఒక ఛాంపియన్‌ను పిలిచారట. నేల చూపులు చూస్తూ చెప్పాడు. నాకు రాదని ఆయనకు ఆ రోజే తెలిసిందా? ఆరు నెలలు నా పక్కన కూర్చుని రాసింది ఎవరు మరి? ఇంతలో మెస్సు సూపర్‌వైజరు, “వచ్చినవ్ గదా, గా చాయ్ ట్రే అందుకో” అన్నాడు. అందుకున్నాను. ఉద్యోగం మరి.

యంత్రం లోపలి గదిలో గరగరలాడేది, పావుగంటకో ఎత్తు కాగితం మీద అచ్చై వచ్చేది, లెక్చరర్ అది చదివి పావు కదిపేవాడు. నాలుగో ఎత్తుకే గుర్తుపట్టాను. అది నా ఆట. బంటును ఎరవేసి అవతలి మంత్రిని బయటికి లాగడం మా మామ చూపిన పట్టు, నేను పదేళ్లు సానపట్టింది. ఛాంపియన్ చెమట తుడుచుకున్నాడు. ప్రొఫెసర్లు భుజం తడుతుంటే, ఈ ఎత్తులన్నీ తన ఆలోచనేనని లెక్చరర్ నా ముందే, నేను అందించిన చాయ్ తాగుతూనే చెప్పాడు. నా వైపు చూడలేదు.

అయితే నోటుబుక్కులో ఉన్నంతవరకే దాని తెలివి. ఛాంపియన్ మేమెన్నడూ చూడని ఎత్తు ఒకటి వేసేసరికి, యంత్రం కళ్లు పోయినదానిలా ఏనుగును ఊరికే వదిలేసింది. లెక్చరర్ నా మోచెయ్యి పట్టుకొని వరండాలోకి తీసుకెళ్లాడు.

“అన్నా, గీడ నువ్వయితే ఏమేస్తవ్? జర చెప్పు, ఒక్క కార్డు మారిస్త.”

ఏం వేయాలో నాకు తెలుసు. గుర్రంతో రాజుకు షా, అంటే చెక్, చెప్తే ఆట మళ్లీ చేతికొచ్చేది.

“రాసుడు రానోనికి ఆడుడెట్ల వస్తది సార్” అన్నాను. అంతవరకు ఆయన్ని తమ్మీ అనే పిలిచేవాణ్ణి.

గంటలో యంత్రం ఓడింది. అయినా పేపర్లో ఆయన ఫోటోయే వచ్చింది. చర్చి బడిలో పాఠాలు చెప్పే మా పక్కింటి టీచరమ్మ ఆ వార్త చదివి వినిపించింది. మెస్సువాడి మాట ఎక్కడైనా ఉందేమో మళ్లీ చూడమన్నాను. మళ్లీ చదివింది. మూడోసారి అడగడానికి సిగ్గేసి, నాకే చదవడం నేర్పమన్నాను. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆమె పిల్లల పక్కన కూర్చుని ఓనమాలు దిద్దాను. మా ఆవిడ నవ్వలేదు.

ఆ లెక్చరర్ తరువాత వేరే ఊరు వెళ్లిపోయాడు. తార్నాక కూడా మారింది, ఇరానీ హోటల్ ఉన్నచోట ఇప్పుడేదో షోరూం. యంత్రం మీద నాకు కోపం లేదు. నన్ను నమ్మమని అది ఏనాడూ అడగలేదు. చదువు వల్ల మేలే జరిగింది, కాదనను. బస్సుల మీద ఊళ్ల పేర్లు చదివాను, ఇప్పుడు ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను. పోయింది ఒక్కటే. ఆ రోజుల్లో ఎవరైనా కాగితం, కలం పట్టుకొని పక్కన చేరితే ఇంకాస్త జరిగి చోటిచ్చేవాణ్ణి. ఇప్పుడు, ముందు ఏం రాస్తున్నాడో చదువుతాను.