వీధిలో హాజరు

ముప్పై నాలుగేళ్ళుగా లెక్కలు చెబుతున్న చౌడేశ్వరమ్మకు పాఠం చెప్పడం కంటే పాఠం వినడం కష్టం. అందులోనూ మరో ఏడు నెలల్లో రిటైరవుతూ, కూతురి వయసున్న అమ్మాయి ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం మరీ కష్టం. బెజవాడలో మూడు రోజుల శిక్షణ, అందరూ రావాల్సిందేనని ఉత్తర్వు వచ్చింది. శిక్షణలో చెప్పే విషయం మెదడు, మనసు, 'బడి నాది' అనే భావన. "పిల్లలకు భిన్నాలు రావడం లేదు మొర్రో అంటే మాకు భావనలు నేర్పుతారట" అని గొణుక్కుంటూ ఆవిడ భవానీపురంలో బస్సెక్కింది.

మొదటి రెండు రోజులూ వెనక వరసలో కూర్చుని నోటుపుస్తకంలో పదో తరగతి ప్రశ్నపత్రం తయారు చేసుకుంది. తన క్లాసులో ఏ పిల్లయినా ఆ పని చేస్తే ఊరుకునేది కాదు. ఆ సంగతి ఆవిడకు తట్టనే లేదు.

మూడో రోజు శనివారం. శిక్షణ ఇచ్చే మాధురి తెర మీద మెదడు బొమ్మ వేసింది. "లోపల బాదంగింజంత భాగం ఒకటి ఉంటుందండీ. కాపలా పని దానిది. పులి కనబడినా గంట కొడుతుంది, నలుగురిలో నవ్వులపాలైనా గంట కొడుతుంది. ఆ గంట మోగుతున్నంతసేపూ ఆలోచించే భాగం సరిగ్గా పనిచేయదు. అప్పుడు మనం ఎంత బాగా చెప్పినా పాఠం బుర్రకెక్కదు. ఇక్కడ నాకు చోటుంది అని తెలిశాకే పిల్ల మెదడు కుదుటపడుతుంది. మనదీ అంతేనండి."

చౌడేశ్వరమ్మ చేతిలో పెన్ను ఆగింది. దీవెన గుర్తొచ్చింది.

కంకిపాడు పక్కన ఆవిడ పనిచేసే హైస్కూల్లో తొమ్మిదో తరగతిలోకి జూన్‌లో కొత్తగా చేరిన పిల్ల దీవెన. తండ్రి రత్తయ్య ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. చౌడేశ్వరమ్మకు ఒక అలవాటుంది. అలవాటు అంటున్నాం గానీ ఈ చుట్టుపక్కల సగం మంది టీచర్ల ఆచారమే అది. పరీక్ష పేపర్లు దిద్దాక ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరసగా పేర్చి ఇస్తుంది. ఒక్కో పేపరుకూ ఒక్కో చమత్కారం. ఆ మాటలకు పిల్లలంతా పడీపడీ నవ్వుతారు. ఆఖర్న మిగిలిన పేపరు వాళ్ళు తప్ప.

ఈమధ్య స్లిప్ టెస్టు పేపర్లు ఇచ్చిన రోజున చేతిలో ఒక్క పేపరు మిగిలింది. "ఇదెవరిదో వేరే చెప్పాలా?" అంది నవ్వుతూ. క్లాసంతా ఒక్క గొంతుతో "దీవెనది టీచర్!" అని అరిచింది. ఆ పిల్ల వచ్చి పేపరు తీసుకుని వెళ్ళింది. మర్నాటి నుంచి బడికి రాలేదు. పన్నెండు రోజులైంది. నిన్న రత్తయ్య ఫోన్ చేసి, సోమవారం గుడివాడలో మేనత్త ఇంటికి పంపేస్తున్నానని, కుట్టుపని నేర్చుకుంటుందని చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

"ఇప్పుడు అందరూ కళ్ళు మూసుకోండి" అంది మాధురి. "బడి నాది అని మీకు మొట్టమొదట ఎప్పుడనిపించిందో గుర్తు చేసుకోండి."

చౌడేశ్వరమ్మకు గంజి వాసన వచ్చింది.

పెడనలో వాళ్ళది నేతపని ఇల్లు. నాన్న చౌడయ్య మగ్గానికెక్కించే నిలువు దారాల పడుగు సిద్ధం చేసుకున్న రోజున తెల్లవారకముందే దాన్ని వీధి పొడవునా సాచి గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోగా పెద్ద కుంచెలతో దువ్వి, తెగిన పోగు తెగినట్టే అతికి ముగించాలి. ఇంటిల్లిపాదీ చెయ్యి వెయ్యాల్సిందే. చౌడేశ్వరి మూడో తరగతి. పడుగు రోజున ఆమెకు బడి లేదు. మర్నాడు గంజి అంటిన గౌనుతో వెళితే పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. అందుకని రెండోరోజూ ఎగ్గొట్టేది. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే బడి పూర్తిగా మానేసేదే.

ఆ ఏడు కొత్తగా వచ్చిన వెంకటసుబ్బారావు మాస్టారు ఒక పడుగు రోజున సైకిలు దిగి, చంకలోంచి హాజరుపట్టీ తీసి, వీధి మధ్యలో నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. పడుగుకు అటూ ఇటూ నిలబడ్డ నేతవాళ్ళ పిల్లలు బిత్తరపోయి ఒక్కొక్కరే "ప్రెజెంట్ సార్" అన్నారు. చౌడేశ్వరి కూడా చేతిలో కుంచెతోనే పలికింది. "ఇక్కడ పలికావుగా? పడుగు అయ్యాక నిదానంగా రా. నీ చోట్లో ఎవరినీ కూర్చోనివ్వను" అన్నారాయన. ఆ రోజు ఆమె గంజి గౌనుతోనే పరుగెత్తింది. ముందు వరసలో రెండో చోటు నిజంగానే ఖాళీగా ఉంది.

తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి, బడిలో లేని పిల్లలకు హాజరేమిటని కేకలేశాడు. మాస్టారు తల దించుకోలేదు. "పిలిస్తే పలికారండీ" అన్నారు. కిటికీ దగ్గర నిలబడి ఆ మాట విన్న చౌడేశ్వరి, పెద్దయ్యాక టీచరే అవుతానని అక్కడే అనుకుంది. అయింది కూడా. కానీ ఏటేటా ఫలితాలు, నూటికి నూరు శాతమని పైనుంచి ఫోన్లు. ఆ భయంలో పడి మాస్టారి దగ్గర నేర్చుకున్నది ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. మాధురి మంచినీళ్ళ సీసా అందించింది.

ఇప్పుడు హాజరంతా ఫోన్లోనే. అయినా పాత అలవాటుకొద్దీ చౌడేశ్వరమ్మ కాగితం పట్టీ ఒకటి ఉంచుకుంటుంది. ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఆ పట్టీతో రత్తయ్య ఇంటి ముందు దిగింది.

"అయ్యో, ఆదివారం పూట ఇంత దూరం వచ్చారేంటండీ టీచరుగారూ!" అని రత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ లాగాడు. ఆవిడ కూర్చోలేదు. అరుగు మీద నిలబడి పట్టీ తెరిచి ఒకటో నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టింది. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. పదకొండో నంబరు ఎదురింటి పిల్లే. పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే "ప్రెజెంట్ టీచర్" అంది.

"పదిహేడు. దీవెన."

గుమ్మానికున్న కర్టెన్ కదిలింది. పలుకు రాలేదు.

"ఆ రోజు నేను చేసింది తప్పమ్మా" అంది చౌడేశ్వరమ్మ, వీధి వీధంతా వినేలా. అవమానం నలుగురిలో జరిగినప్పుడు క్షమాపణ చాటుగా చెబితే చెల్లదని ఆవిడకు తోచింది. "నీ పేరును నవ్వులాట చేశాను. పిల్లలందరిచేతా చేయించాను. నీకు లెక్క రాకపోతే అది నేను చెప్పాల్సిన లెక్క. నీ చోటు ఖాళీగానే ఉంది."

కర్టెన్ వెనక నుంచి సన్నటి గొంతు వచ్చింది. "పేపర్లు మళ్ళీ అలాగే ఇస్తారా టీచర్?"

"ఇవ్వను. నీకే కాదు, ఎవ్వరికీ ఇవ్వను."

"అయితే మళ్ళీ పిలవండి."

పిలిచింది. "ప్రెజెంట్ టీచర్" అన్న మాటతోపాటే కర్టెన్ తొలగింది. రత్తయ్య భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గుడివాడకు ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళాడు.

సోమవారం దీవెన మూడో బెంచీలో ఉంది. మధ్యాహ్నం పట్టీ తిరగేస్తున్న హెడ్మాస్టరు తిరుపతిరావు ఒకచోట ఆగాడు. ఆదివారం గడుల మీద నిలువునా ఎర్రగీత ఉంది. ఆ గీత పక్కన, పదిహేడో నంబరుకు ఎదురుగా, హాజరు గుర్తు ఉంది.

"ఇదేంటండీ మేడమ్? సెలవు రోజు హాజరేంటి? ఎవరైనా చూస్తే మాట పడతాం."

చౌడేశ్వరమ్మ తల దించుకోలేదు.

"పిలిస్తే పలికిందండీ" అంది.