జయక్క మామిడి మొక్క

ఒక మాటను లోపల పెట్టుకుని చాలా ఏళ్ళు బతికాను. అన్నం తినేటప్పుడు గొంతు దగ్గర, నలుగురిలో నవ్వేటప్పుడు ఆ నవ్వు వెనక, ఎక్కడో ఒకచోట అది తగులుతూనే ఉండేది. నా పెళ్ళైన కొత్తల్లో మొదలైంది. ఇప్పుడు నా కూతురికే పెళ్ళై, సొంత ఇల్లు కట్టుకుంది. అంతకాలం మోశాను. పోయిన వానాకాలంలో దించేశాను. దించాక కూడా ఇంకా ఉందేమోనని అప్పుడప్పుడు తడుముకుంటున్నాను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నాకు ధైర్యం వచ్చింది అందువల్లనే.

మాది పుదుచ్చేరిలో రెడ్డియార్‌పాళయం. నేను చిత్తూరు వైపు నుంచి కోడలిగా వచ్చాను. మా అత్తింటివాళ్ళు ఎన్నో తరాలుగా ఇక్కడివాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవడం ఎవరికీ రాదు. ఒకే ప్రహరీ లోపల రెండు వాటాలు. ముందు వాటాలో మా బావగారు, జయక్క. వెనక వాటాలో మేము, మా అత్త. జయక్క నా తోడికోడలు. నాకంటే కొంచెం పెద్దది. వచ్చిన కొత్తలో నాకు తమిళం ముక్క రాకపోతే, కూరగాయల బండి దగ్గర నా తరఫున బేరమాడింది ఆమే. నా చేయి పట్టుకుని వీధులు చూపించింది ఆమే. ఇది మొదటే చెప్పాలి. ఆమె నాకు ఏ అపకారమూ చేయలేదు.

నేను వచ్చిన మరుసటి ఎండాకాలం మా అత్త రెండు అంటు మామిడి మొక్కలు తెచ్చింది. కోడలికొకటి. వానలు పడేదాకా తొట్లలో సాకి, తర్వాత నేలలోకి మార్చుకోమంది. రెండూ ఒకే రకం, దాదాపు ఒకే ఎత్తు. రెండూ ఒకేలాంటి సిమెంటు తొట్లలో. మెట్లకు ఎడమపక్క జయక్కది, కుడిపక్క నాది.

అప్పటికి జయక్కకు రెండుసార్లు కడుపు నిలవకుండా పోయింది. ఇంట్లో ఎవరూ దాని గురించి పైకి మాట్లాడేవారు కాదు. ఆమె మాత్రం పొద్దున లేవగానే తొట్టి దగ్గరకు వచ్చేది. ఆకుల మీద దుమ్మును తడిగుడ్డతో తుడిచేది. అంటు కట్టిన చోటికి కింద చిగురు వస్తే గోటితో తుంచేసేది. నేనూ నీళ్ళు పోశాను, ఎండ ముదిరితే నీడకు జరిపాను. కానీ మా అత్త ఎప్పుడు చూసినా ఆమె మొక్క దగ్గరే నిలబడి "బాగుండాది" అనేది. నాది చూసి ఏమీ అనేది కాదు. అంతే. ఇంత చిన్న విషయం. చిన్నదని అప్పుడే నాకు తెలుసు. అయినా కుళ్ళుకున్నాను.

వానలు దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం జయక్క ఉప్పళంలో పుట్టింటికి వెళ్ళింది. మా అత్త లోపల పడుకుంది. నా మొక్క సరిగా వేరు పట్టిందో లేదో చూడాలనిపించింది. కాండం పట్టుకుని పైకి లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. వేళ్ళను పట్టుకుని ఉన్న మట్టిగడ్డ విచ్చిపోయి, లోపల ఏదో తెగిన చప్పుడు వచ్చింది. తల్లివేరు తెగింది. సన్నవేళ్ళు సగం తొట్టిలోనే ఉండిపోయాయి. గబగబా మళ్ళీ తొట్టిలోనే దింపి మట్టి కప్పి, చేత్తో అదిమి, నీళ్ళు పోశాను. పైకి చూస్తే ఏ తేడా లేదు. ఆకులు అలాగే పచ్చగా ఉన్నాయి.

నేను అప్పుడు లోపలికి వెళ్ళిపోయి ఉంటే, అది తొందరపాటు అయ్యేది. వెళ్ళలేదు. కాసేపు నిలబడి ఆలోచించాను. ఆలోచించే చేశాను. నా తొట్టిని ఎడమపక్కకు ఈడ్చాను. ఆమె తొట్టిని కుడిపక్కకు ఈడ్చాను. నేలమీద గీత పడితే చీపురుతో చిమ్మేశాను.

వానలు మొదలయ్యాక రెండింటినీ నేలలోకి మార్చాము. జయక్క ముందు గేటు దగ్గర గుంట తవ్వించి, వేపచెక్క కలిపి, మట్టి కదలకుండా రెండు చేతులతో బిడ్డను దించినట్టు దించింది. మేకలు రాకుండా చుట్టూ వెదురు తడిక కట్టింది. వాన వెలిసి ఎండ కాస్తే కొబ్బరాకు అడ్డం పెట్టింది. నేను వెనక పెరట్లో నాది పాతాను. నాది అంటున్నాను చూశారా, ఇంకా ఆ అలవాటు పోలేదు.

ఆమె పాతిన మొక్క మొదట ఆకులు ముడిచింది. తర్వాత అవి గోధుమరంగుకు తిరిగి, రాలకుండా అలాగే వేలాడాయి. జయక్క రోజూ కాండాన్ని గోటితో గీకి, లోపల పచ్చదనం ఉందా అని చూసేది. నేను పక్కనే నిలబడి చూసేదాన్ని. ఒకరోజు మా అత్త తడిక తీసేసి, ఎండుపుల్లను పీకి గోడ అవతల పారేసింది. "దీని చేతిలో ఏదీ నిలవదు" అంది. ఆ మాట మొక్కను గురించి మాత్రమే కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. జయక్క చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. నేను నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదు? కొత్తకోడలినని భయమా? మొదటి ఏడాదికి ఆ సాకు సరిపోతుంది. తర్వాతి ఏళ్ళకు? వెనక పెరట్లో చెట్టు ఎదిగింది, కాసింది. నాది మంచి చేయి అన్న పేరు వీధంతా పాకింది. కొత్తగా పాదు పెట్టేవాళ్ళు మొదటి గింజ నా చేత వేయించుకునేవారు. జయక్కకు బిడ్డలు పుట్టలేదు. నా కూతురు వాణిని ఆమే ఎత్తుకు తిప్పింది. ఆ వాణి పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు చల్లడానికి ముత్తయిదువలను పిలిచినప్పుడు, ఎవరూ ఏమీ అనకముందే జయక్క తనంతట తానే వెనక్కి జరిగింది. జరిగి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం ఉండి ఉంటే నేను ఇంకా కొంతకాలం మోయగలిగేదాన్నేమో. మా అత్త పోయి అప్పటికే చాలాకాలమైంది. ఆమె అన్న మాట మాత్రం జయక్క లోపలే వేరు పట్టింది. తన చేయి మంచిది కాదని ఆమే నమ్మేసింది.

పోయిన ఐప్పసి నెలలో, వానలు బాగా పడుతున్నప్పుడు, వాణి పిళ్ళైచావడిలో కొత్త ఇంటికి మమ్మల్ని ఇద్దరినీ తీసుకెళ్ళింది. ఇంటి ముందు కొంచెం జాగా ఉంది. సపోటా మొక్క కొని తెచ్చిపెట్టింది. గుంట కూడా తవ్వించింది. మొక్కను జయక్క చేతికి ఇస్తూ, "పెద్దమ్మా, మొదటి చెట్టు నువ్వే పెట్టాల" అంది.

జయక్క చేతులు వెనక్కి తీసుకుంది. "నాకొద్దు కన్నా. నా చేతికి ఏదీ రాదు. మీ అమ్మ చేత పెట్టించు" అంది.

వాణి మొక్కను నాకిచ్చింది. నేను గుంట దగ్గర కూర్చున్నాను. కవరు కోశాను. మట్టిగడ్డ రెండు చేతుల్లో ఉంది, చల్లగా, బరువుగా. దింపలేకపోయాను.

"అక్కా, ఆ మామిడి మొక్క నీ చేతిలో చావలేదు. వేరు తెంపింది నేను. నువ్వు ఉప్పళం పోయినప్పుడు తొట్లు మార్చేశాను. మా పెరట్లో ఉండేది నీ మొక్కే" అన్నాను. ఎన్నోసార్లు లోపల అల్లుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. బయటికి వచ్చింది ఇంతే.

వాణి "ఏందమ్మా చెప్తా ఉండావు?" అంది. జయక్క నా చేతుల్లోని మట్టిగడ్డను చూసింది. తర్వాత, "నా మొక్కకు కొనచిగురు గోడపక్కకు వంగి ఉండె. మర్నాడు పొద్దున్నే చూస్తే నిటారుగా ఉండాది. ఇది నాది కాదేమో అనుకున్నా" అంది.

"మరి అడగలేదే అక్కా?"

"నువ్వు అట్ల చేస్తావని నాకు యాడ తోస్తుంది? నా కండ్లదే తప్పనుకున్నా." మళ్ళీ తనే అంది. "అత్త ఆ మాట అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉండావు."

"ఉన్నాను."

"ఒక్కపారి గూడా నోరు తెరవలా."

"లేదక్కా."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఇట్ల ఇయ్యి" అని నా చేతుల్లోంచి మొక్కను తీసుకుంది. గుంటలో దించింది. మట్టి కప్పింది. నేను సాయానికి చేయి చాపితే, "నువ్వు ముట్టొద్దు" అంది. గట్టిగా కూడా అనలేదు. వాణి నీళ్ళు పోసింది. నేను మట్టిచేతులతో పక్కకు జరిగి నిలబడ్డాను.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "ఒక చెడికా ఇంత?" అని నవ్వాడు. ఆయనకు అది ఒక చెడి, ఒక మొక్క, అంతే. వాణి నాలుగు రోజులు నాతో ముభావంగా ఉండి, తర్వాత మామూలైంది. జయక్క కాలేదు. పండుగకు పిలిస్తే రాలేదు. నేను గిన్నెలో ఏదైనా పంపితే కడిగి, ఖాళీగా తిరిగి పంపుతోంది. నన్ను క్షమించమని నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుందని నా భయం. లేక అది కూడా నా పిరికితనమేనా? తేల్చుకోలేకపోతున్నాను.

అయినా ఒక మాట చెప్పాలి. నాకు తేలికగా ఉంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా తేలికగా ఉంది. రాత్రి పడుకుంటే నిద్ర వస్తోంది. అన్నం గొంతు దిగుతోంది. వీధిలో ఒకామె చిక్కుడుపాదు పెట్టడానికి రమ్మని పిలిస్తే, "నా చేతి పేరు అబద్ధం, జయక్కను పిలుచుకో" అని వాకిట్లోనే చెప్పేశాను. ఆమె విస్తుపోయింది. జయక్క వెళ్ళిందని తర్వాత తెలిసింది.

మొన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే ముందు వాటా పక్కన గునపం చప్పుడు వినిపించింది. జయక్క నేల తవ్వుతోంది. పక్కన నల్ల కవర్లలో నిమ్మ, జామ, ఇంకేదో పేరు తెలియని మొక్క. తల ఎత్తి నన్ను చూసింది. నవ్వలేదు, ముఖం తిప్పుకోలేదు. మళ్ళీ తవ్వుకుంది. ఎప్పుడూ అలా ఎదురుపడితే చటుక్కున చూపు దించుకునేదాన్ని. ఆ పొద్దున దించుకోలేదు.