పెద్దమ్మ చెప్పిన ‘అట’

ఆ రోజు పొద్దున సిరిసిల్లలో మా వీధి సాంచాలు ఆగి ఉన్నాయి. కరెంటు పోయింది. ఆ మరమగ్గాల మోత లేకపోవడంతో పక్కింటి గోడగడియారం చప్పుడు మొదటిసారి వినిపించింది. ఇక్కడ అద్దెకు దిగి రెండేళ్ళయినా వాళ్ళింట్లో గడియారం ఉందని నాకు తెలియదు. దాన్ని వింటూ కూర్చుని ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

“పెద్దమ్మ పోయింది బిడ్డ. చాయ్ తాగి గోడకు ఒరిగింది. గంతే. పక్కింటోళ్ళు చూసేసరికే అయిపోయింది.”

నేను పనిచేసే స్కూలు లైబ్రరీ తాళంచెవులు ఇంటావిడ చేతిలో పెట్టి కోరుట్ల బస్సెక్కాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మీలో కొందరికి ఆమె మాట తెలుసు, మనిషి తెలియదు. ‘చాటల ముచ్చట’ అనే పేజీ ఎప్పుడైనా మీ ఫోన్లోకి వచ్చి ఉంటే, ప్రపంచ రాజకీయాల మీద ఆ ఎటకారమంతా ఆమెదే. టైపు చేసిన వేళ్ళు మాత్రం నావి. పేజీ మీద ఇద్దరి పేర్లూ ఉండేవి కావు. పైన ఒక చాట ఫోటో, అంతే.

పెద్దమ్మ బీడీలు చుట్టేది. కోరుట్లలో ఆమె ఇంటి వరండాలో పొద్దున్నుంచి ఐదారుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని కూర్చునేవారు. చాటలో ఒక పక్క తునికాకు, ఒక పక్క తంబాకు. ఎదురుగా టీవీ. అందరూ సీరియల్ పెట్టమంటే పెద్దమ్మ వార్తలు పెట్టేది. “గిది గూడ సీరియలే. గిండ్ల గూడ ఎవలు సావరని చెప్పెటోళ్ళే అందరిని సంపుతరు,” అనేది. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోయేవి. కళ్ళు టీవీ మీదే.

పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు, నా చిన్నప్పుడే పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను జగిత్యాలలో కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకున్నాను. సెలవులిస్తే కోరుట్లకే వచ్చేదాన్ని. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. పుస్తకం పట్టుకుని వరండా మూలన కూర్చునేదాన్ని. పెద్దమ్మ ఒక్కతే నన్ను మాట్లాడమని ఒత్తిడి పెట్టలేదు. “దానికి చెవులు పెద్దగున్నయ్. నోరు తర్వాత పెరుగుతది,” అని మిగతా వాళ్ళకు చెప్పింది.

ఆ చెవులతో విన్నదే ఒకరోజు ఫోన్లో టైపు చేశాను. ఏదో దేశం మీద బాంబులు పడితే ప్రపంచమంతా ఖండించిందని టీవీ చెబుతోంది. పెద్దమ్మ ఆకు కత్తిరిస్తూ అంది: “ఏడు ఖండాలు కలిసి ఖండించినయట. తీవ్రంగ ఖండించినయట. ఒక్క ఉల్లిగడ్డ గూడ తెగలేదట.”

దాన్ని చదివి వినిపిస్తే వరండా అంతా నవ్వింది. అలా మొదలైంది పేజీ. రెండు నెలల్లో గల్ఫ్ క్యాంపుల నుంచి జవాబులు రావడం మొదలైంది. డ్యూటీ దిగి, వంట చేసుకుంటూ చదివేవాళ్ళు. “పెద్దమ్మా, ఇయ్యాల కూర మాడింది నీ పున్యాన,” అని ఒకతను రాశాడు. మా వైపు ప్రతి వాడకట్టుకీ గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు. అక్కడ ఎవరు ఎవరితో కయ్యం పెట్టుకున్నా ఇక్కడ ఒక ఇంట్లో అన్నం సయించదు. విదేశాంగ వ్యవహారాలు మాకు పక్కింటి వ్యవహారాలే. పెద్దమ్మ కూడా వాటిని అలాగే చెప్పేది. ఒక దేశం ఇంకో దేశం మీద ఆంక్షలు పెట్టిందంటే, “నీ ఇంటికి రాను, నీ పెండ్లికి రాను అన్నడట. కని నూనె డబ్బ మాత్రం ఎనుక తలుపు కెళ్ళి పంపుమన్నడట,” అనేది. శాంతి చర్చలంటే, “కూసున్నోళ్ళందరు తుపాకులు అమ్మెటోళ్ళేనట. బెల్లానికి చీమలను కావలి పెట్టిన్రు.” కాల్పుల విరమణ మధ్యాహ్నానికే తప్పిందంటే, “మా అత్త నయం. కొట్లాడుతె గూడ వంట అయ్యేదాంక ఆగేది.”

ఆమెకు ఒక నియమం ఉండేది. టీవీలో శిథిలాలు, ఏడుస్తున్న పిల్లలు కనిపిస్తే సౌండు తీసేసేది. బొమ్మ మాత్రమే కదిలేది. ఆ కాసేపు వరండాలో కత్తెరల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఎవరో వాళ్ళ మీద కూడా జోకు వేయబోతే పెద్దమ్మ తల ఎత్తకుండానే ఆపేసింది. “కొట్టెటోన్ని అను. దెబ్బ తిన్నోన్ని అనకు.”

ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు కూడబలుక్కోగలదు. కళ్ళు నొప్పి పుడతాయని నాతోనే చదివించుకునేది. చెప్పడం, టైపు చేయడం, చదివి వినిపించడం, ఆమె ఊఁ అంటేనే పెట్టడం. ఇదీ మా పద్ధతి. ఒక్కసారి దాన్ని తప్పాను.

నేను జగిత్యాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న రోజులు. గల్ఫ్ చుట్టుపక్కల రాకెట్లు ఎగిరాయి, విమానాలు ఆగిపోయాయి. పెద్దమ్మ గొంతు రికార్డు చేసి పంపింది. “మన గల్ఫోళ్ళకు ఇగ ఫికరే లేదట. రాజులే సొంతంగ విమానాలు పెట్టి, టిఫిన్ తినిపిచ్చి, ఇంటికాడ దించి పోతరట. గొల్లపల్లి చౌరస్త కాడ విమానం ఆపుతరట, చెయ్యి ఎత్తితె సాలట.”

ఆ వారమే నా వ్యాసానికి కాలేజీలో బహుమతి వచ్చింది. మంచి తెలుగు రాస్తానని అందరూ అన్నారు. స్కూల్లో ‘అచ్చింది’ అంటే ‘వచ్చింది’ అని దిద్దించుకుంటూ పెరిగినదాన్ని. పెద్దమ్మ మాటల్ని కూడా కొంచెం చక్కబెట్టాలనిపించింది. చౌరస్తా, టిఫిన్ తీసేశాను. ‘గల్ఫ్‌లోని మనవారికి ఇక దిగులు లేదు. అక్కడి పాలకులే విమానాలు ఏర్పాటు చేసి అందరినీ ఇళ్ళకు చేరుస్తారు’ అని రాశాను. వాక్యం శుభ్రంగా ఉందనుకున్నాను. మర్నాడు పరీక్ష. ఫోన్ చేసి చదివి వినిపించలేదు. పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత రుద్రంగి నుంచి ఒకామె పెద్దమ్మకు ఫోన్ చేసింది. ఆమె కూడా బీడీలు చుట్టే మనిషే. పేజీ ఎవరిదో బీడీలు అప్పజెప్పే కార్ఖానా దగ్గర తెలుసుకుని నెంబరు సంపాదించింది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. “పెద్దమ్మా, విమానంల మా ఆయన పేరు ఏడ రాపియ్యాలె?”

పెద్దమ్మ నన్ను రమ్మంది. మరునాడు ఇద్దరం కోరుట్లలో వేములవాడ బస్సెక్కి రుద్రంగిలో దిగాం. ఆమె ఇంటి ముందు కడిగి ముగ్గు పెట్టి ఉంది. మంచం మీద కొత్త దుప్పటి. చాట గోడకు ఆనించి ఉంది, రెండు రోజులుగా ముట్టలేదు. ఆమె భర్త వెళ్ళి నాలుగేళ్ళట. ఈ మాట వినగానే సంచి సర్దుకుని, డ్యూటీ మానేసి క్యాంపు గేటు దగ్గర కూర్చున్నాడు. ఇంకో రోజు అలాగే కూర్చుంటే పనిలోంచి తీసేస్తామని సూపర్‌వైజర్ చెప్పాడట. పని పోతే చేతికి ఏమీ రాదు, కాగితాలు చిక్కులో పడతాయి, మనిషి ఎప్పుడు వస్తాడో కూడా తెలియదు.

పెద్దమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. “విమానం లేదు బిడ్డ. నేను ఎటకారం చేసిన. నీ దాంక అచ్చేసరికి అది వార్త అయింది.”

ఆమె అర్థం కానట్టు చూసింది. “ఎటకారమా? నాకు నవ్వు రాలేదు గద పెద్దమ్మా.”

“నవ్వు రాకుంటె తప్పు చెప్పినోళ్ళదే.”

లోపలి నుంచి ఆమె అత్త అంది: “కోరుట్ల కెళ్ళి ఇంత దూరం అబద్దం మోసుకచ్చిన్రు, అలసిపోయిన్రేమో, నీళ్ళన్న ఇయ్యి.”

“ఇయ్యి బిడ్డ,” అంది పెద్దమ్మ. “ఆమె నాకంటె మంచిగ ఎటకారం చేస్తది.”

నీళ్ళు తాగి, ఆమె భర్తకు ఫోన్ కలపమంది. తెరమీద ఎండకు నల్లబడిన ముఖం కనిపించింది. వెనకాల ఇనుప గేటు. “కొడుకా, సంచి ఇప్పు. డ్యూటీకి పో. నేను కోరుట్ల పెద్దమ్మను. విమానం ముచ్చట ఉత్తదే,” అంది.

అతను వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. తర్వాత, “అయితె రాజు రాడా పెద్దమ్మా?” అన్నాడు.

“రుద్రంగి తొవ్వ తెల్వదట కొడుకా. వేములవాడ దాంక అచ్చి మర్లిపోయిండట.”

అతను నవ్వాడు. ఆ నవ్వు విని అతని భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తను కూడా నవ్వింది. గేటు దగ్గర అతను లేచి సంచి భుజాన వేసుకోవడం కనిపించింది.

తర్వాత పెద్దమ్మ గోడకున్న చాట తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. “మీరెందుకు చేస్తరు?” అని ఆ ఇంటామె అంటే, “రెండు రోజుల పని ఆగింది. కార్ఖానోనికి ఎటకారం సమజ్ కాదు,” అంది. సాయంత్రం దాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చుట్టారు. నేను చుడితే కార్ఖానాలో తిప్పి పంపుతారు కాబట్టి నాకు ఆకు కత్తిరించే పని ఇచ్చారు. ఆ రోజంతా వాళ్ళిద్దరి మాటల్లో నా పేరు రాలేదు.

తిరుగు బస్సులో, “నువ్వు రాసింది సదువు,” అంది. చదివాను. కిటికీలోంచి చూస్తూ విన్నది.

“మంచిగ రాసినవ్. బళ్ళె గోడ మీద రాసినట్టుంది. కని బిడ్డ, నా ‘అట’ ఏది?”

తెర మీద ఆ వాక్యాన్ని మళ్ళీ చూశాను.

“‘అట’ అంటె నేను చూడలే, నువ్వు గూడ జర చూస్కో అని. రెండచ్చరాలు తీసినవ్, అది పోయి సర్కారు మాట అయింది.”

నా తప్పని పేజీలో రాస్తానన్నాను. “దిద్ది పెట్టు. నీ పేరెందుకు? నోరు నాదాయె,” అంది. బస్సులోనే చెప్పింది, నేను టైపు చేశాను: “మొన్న చెప్పిన విమానం ఇంక పుట్టనే లేదట. సంచులు ఇప్పుండ్రి. ఉత్త ముచ్చట చెప్పిన నోరు నాదే.” ఈసారి రెండుసార్లు చదివించుకుంది.

ఆ తర్వాత ఆమె మాటను దిద్దలేదు. ఎలా అంటే అలా రాశాను. మొదట్లో కష్టంగా ఉండేది, ఆ పలుకుబడికి స్పెల్లింగు నేనే వెతుక్కోవాల్సి వచ్చేది. కొన్నాళ్ళకు మా అమ్మ, నేను ఇంట్లో మాట్లాడుకునేదీ అదేనని తెలిసింది. ఈ నాలుగు మాటలు ఇలా పుస్తక భాషలో రాస్తున్నాను గానీ, పెద్దమ్మ ఉంటే పక్కన కూర్చుని ఎక్కడెక్కడ ‘అట’ పెట్టాలో చెప్పేది.

పోవడానికి వారం ముందు చివరిసారి మాట్లాడినప్పుడు ఎవరో ఇద్దరు దేశాధినేతలు చేతులు కలిపిన ఫోటో గురించి చెప్పింది. “ఇద్దరు ఒకల చేతులు ఒకలు వదుల్తలేరట. వదిలితె అవుతలోడు తన జేబుల పెడ్తడని భయమట.” దాన్ని ఆదివారం పెడదామనుకున్నాం. ఇంకా నా ఫోన్లోనే ఉంది.

పేజీ మూయలేదు. కొత్తగా ఏమీ రాయలేదు. పెద్దమ్మ పోయిందని ఒక్క వాక్యం మాత్రం పెట్టాను. క్యాంపుల నుంచి చాలామంది జవాబు రాశారు. ఎవరూ దండం బొమ్మలు పెట్టలేదు. అందరూ ఆమె పాత మాటల్నే తలా ఒకటి తిరిగి రాశారు. చదువుతూ చాలాసేపు నవ్వుకున్నాను.

కోరుట్లలో చర్చి సమాధుల తోటకు వెళ్ళే దారి ఇరుకు. పెట్టెను నలుగురే మోయాల్సి వచ్చింది. ముందు కుడివైపు పట్టుకున్న మనిషిది రుద్రంగి, ఆ రోజు ఫోన్లో గేటు దగ్గర కనిపించినతనే. ఆ రాకెట్ల గొడవంతా సద్దుమణిగాక, ఒప్పందం పూర్తి చేసుకుని, తన టికెట్టు తనే కొనుక్కుని వచ్చాడు.