నిర్మల్ ఘాట్‌లో బ్రేకు పడని రోజు

మా చిన్నప్పుడు... బాపు బ్రేకు తొక్కితే ముందు రేకును గీకినట్టు ఒక చప్పుడు వచ్చేది. కారు ఆ తర్వాత ఆగేది.

బాపు అని పిలిచే మా నాన్నకు హుజూరాబాద్‌లో ఎరువుల దుకాణం. ఇద్దరు ముగ్గురు నడిపి వదిలేసిన పాత తెల్ల కారును ఇష్టపడి కొన్నాడు. మా వాడకట్టులో అదొక్కటే కారు. ఎవరైనా దానికి వంక పెడితే మొహం ముడుచుకునేవాడు.

ఆ ఎండాకాలం చప్పుడుతో పాటు బ్రేకు కూడా మెత్తబడింది. రెండు మూడుసార్లు తొక్కితే గానీ పట్టేది కాదు. బాపు బానెట్ ఎత్తి, డబ్బాలో బ్రేకు ఆయిల్ తగ్గిందని పోసేవాడు. వారానికే మళ్లీ తగ్గేది... అది ఎటు పోతోందో మాత్రం చూడలేదు. మెకానిక్‌కు చూపించమని అవ్వ, అంటే మా అమ్మ, నాలుగైదుసార్లు అంది. దుమ్ము పట్టిందంతే, ఊకో అనేవాడు బాపు.

నాకప్పుడు పదేళ్లు. ఇచ్చోడలో అవ్వ తల్లిగారింటికి పోయి తిరిగి వస్తున్నాం. ముందు సీట్లో అవ్వ, ఆమె ఒళ్లో రెండేళ్ల తమ్ముడు. వెనక నేను, నా పక్కన మామిడికాయల సంచి. పొద్దున పదింటికి నిర్మల్ ఘాట్ కొండదారి దిగడం మొదలుపెట్టాం.

మొదటి మలుపు దాటాం... రెండోది దాటాం... ముందు బస్తాల లారీ ఒకటి మెల్లగా దిగుతోంది. బాపు బ్రేకు తొక్కాడు.

చప్పుడు రాలేదు. రోజూ వచ్చే ఆ గీకుడు రాకపోయేసరికి నేను ముందు సీటు పట్టుకున్నాను.

మళ్లీ తొక్కాడు. మళ్లీ... కాలు అడుగుదాకా దిగిపోతోంది. లారీలోని బస్తాల కుట్లు కనపడేంత దగ్గరికి వచ్చేశాం. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ.

"పిల్లగాన్ని గట్టిగ పట్టుకో," అన్నాడు బాపు. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

గేరు తగ్గించాడు. ఇంజన్ రొద పెట్టింది. చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగాడు. వేగం తగ్గింది గానీ కారు ఆగలేదు. అవ్వ తమ్ముణ్ణి అదుముకొని రోడ్డునే చూస్తోంది. కొండ పక్కన, రోడ్డు పనికి పోసిన మొరం మట్టి కుప్ప కనిపించింది.

"గటు తిప్పు," అంది.

తిప్పేశాడు. ముందు చక్రాలు మొరంలో దిగబడి, కారు ఒక పక్కకు ఒరిగి ఆగింది. మామిడికాయలన్నీ నా కాళ్ల మీద పడ్డాయి. తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దారిన పోయే జీపాయనతో కబురు పంపితే, నిర్మల్ నుంచి చాంద్ భాయ్ అనే గడ్డం నెరిసిన మెకానిక్ స్కూటర్ మీద వచ్చాడు. బ్రేకు తొక్కి చూశాడు. కిందికి దూరి వెనక చక్రం లోపలి వైపు వేలితో తుడిచి, వాసన చూసి మాకు చూపించాడు. తడి... బ్రేకు ఆయిల్. చక్రం ఊడదీశాక అడిగాడు.

"ఎన్ని దినాల సంది గీకుతుంది సేటూ?"

"నెల దాటింది భయ్యా," అంది అవ్వ.

చక్రాన్ని పట్టి ఆపే లోపలి లైనింగు పూర్తిగా అరిగి ఇనుముకు ఇనుము రాసుకుంటోందట. అరిగినకొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ హద్దు దాటి బయటికి జరిగి, రబ్బరు తెగి, ఆయిల్ కారిపోయిందట. గీకినప్పుడే లైనింగు మార్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు.

బాపు మొరం కుప్ప మీద కూలబడ్డాడు. అవ్వ నీళ్ల చెంబు అందిస్తే సగం నీళ్లు చొక్కా మీద పోసుకున్నాడు.

"నువ్వు చెప్తనే ఉన్నవ్," అన్నాడు తల దించుకుని. "నేనే ఇనలే."

అవ్వ కొంగుతో ఆయన చొక్కా తుడిచింది. కారును అక్కడే వదిలి బస్సులో ఇంటికి వచ్చాం. దారంతా బాపు తమ్ముణ్ణి ఒళ్లోంచి దించలేదు.

ఇప్పుడు నేను నడిపే కారులో ఏ తేడా వచ్చినా ఎర్ర దీపం వెలుగుతుంది... సర్వీసుకు ఇచ్చేస్తాను, సాయంత్రానికి బాగై వస్తుంది. ఎక్కడ చెడిందో నాకు తెలియదు, నా పిల్లలకు అసలే తెలియదు. నేను భయపడటం కూడా వాళ్లింకా చూడలేదు.

నేను మాత్రం ఆ రోజు చూశాను... బాపుకూ భయమేస్తుందని. మీ నాన్నకు భయమేయడం మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు?