కింద అంటే లోపల కాదు

దయ్యాన్ని చూశానన్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించిన మాస్టారిని నేను. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అందుకే ఈ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా వైపు బంగారు గనులు సర్కారు చేతికి పోయిన కొన్నేళ్ళకు యుద్ధం వచ్చింది. బంగారుపేటలో బడి ఉద్యోగం వదిలి సైన్యంలో చేరాను. నా చేతికి తుపాకీ ఇవ్వలేదు, సుద్దముక్కే ఇచ్చారు. కొత్తగా చేరినవాళ్ళకు అక్షరాలు, పటం చదవడం నేర్పాలి.

అక్కడ తగిలాడు మునిరత్నం. ఆ గనుల దగ్గరి ఊరు కోరమండల్ వాడు, తండ్రి గంగులప్పది గనిలో పని. పటంలో దక్షిణం చూపమంటే సరిగ్గానే కింది అంచున వేలు పెట్టేవాడు. అటు పోవాలంటే ఎటు నడుస్తావురా అంటే మాత్రం "లోపలికి సార్" అనేవాడు. వాడు పుట్టి బుద్ధెరిగి చూసింది గని పటమొక్కటే. అందులో కింద అంటే భూమి లోపల.

"కింద అంటే లోపల కాదురా" అని రెండు నెలలు అరిచాను. తల ప్రాణం తోకకొచ్చింది. పైనుంచేమో మనుషులు కావాలి, తొందరగా పంపమని ఒత్తిడి. విసిగిపోయి పాస్ అని రాసేశాను.

మూడు నెలలకు గస్తీకి పోయి, దారి తప్పి, చనిపోయాడు. ఆ కబురు మా శిబిరానికీ వచ్చింది. పటం తెలియకనే పోయాడేమో, పంపింది నేనే కదా అని కుమిలిపోయాను. గురువారం సెలవు దొరికింది. శనివారం పొద్దున కోరమండల్ చేరాను.

వాళ్ళ ఇంటి ముందు గంగులప్ప కూర్చుని ఉన్నాడు. అంతకు ముందు నన్నెప్పుడూ చూసినవాడు కాదు. నేనెవరో చెప్పకముందే లేచాడు.

"మాస్టరు గదా సార్. మీరు వస్తారని బుధవారం మద్యాన్నం వాడే వచ్చి చెప్పినాడు. ఇంగో, ఈ వాకిట్లోనే నిలబడినాడు. కింద అంటే లోపల కాదంట, ఇప్పుడు తెలిసినాదంట. మీకు చెప్పమన్నాడు."

చావు టెలిగ్రాం వాళ్ళకు సోమవారమే అందింది. బుధవారానికి నా సెలవు సంగతి నాకే తెలియదు. ఉత్తరాల్లో ఏమైనా ఉందేమోనని అడిగి తీసుకుని చూశాను. నాలుగే ఉన్నాయి. వాడికి రాయడం రాదు, నాలుగూ నా చేత రాయించినవే. ఆ మాట ఎక్కడా లేదు. శిబిరం నుంచి వెళ్ళాక ఒక్కటీ రాలేదట. ఆ జట్టులో ఈ ఊరివాడు ఇంకెవడూ లేడు.

"దానికి అర్థమేంది సార్? చానా సంతోషంగా చెప్పినాడు. నాకే తెలీలే" అన్నాడు గంగులప్ప.

ఎన్ని వందల మంది పిల్లలకో అర్థాలు చెప్పినవాణ్ణి. "నాకూ తెలీదప్పా" అన్నాను.

ఆ వాకిట్లో నిలబడింది ఎవరో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. నమ్మనూ లేను, కాదనీ అనలేను. ఆ మాటకు అర్థం మాత్రం నాకు తెలుసు. తెలిసీ ఆ తండ్రికి చెప్పలేదు.