కాణిపాకంలో రెండో ప్రమాణం

మొన్న తిరుపతిలో ఆటో ఎక్కి, మందు షాపు దగ్గర ఆపు నాయనా అంటే, ఆ అబ్బాయి నన్ను కిందికీ మీదికీ ఒకసారి చూసి, తీసుకెళ్లి బ్రాందీ షాపు ముందు ఆపాడు. మోకాళ్ల నొప్పికి మాత్రలు కొందామని బయల్దేరినదాన్ని! పక్కన మా మనవరాలు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో దానికేం తెలుసు? మన వయసు వాళ్లకు చెబితే అర్థమవుతుంది.

తొంభైల చివరి సంగతి. మాది ఐరాల పక్కన పల్లె. మా ఆయన చెరుకు పండించి, ఆయనే దగ్గరుండి బెల్లం వండించేవాడు, ఆ రంగు చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడిగి మరీ కొనుక్కుపోయేవాళ్లు. అంతటి మనిషికి తాగుడు పట్టుకుంది. తాగుడొక్కటే అయితే ఊళ్లో సగంమందికి ఉన్నదే, ఆయనకు దానితోపాటు ఇంకొకటి ఉండేది. చెరుకుతోటలో ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని చెవులు మూసుకుని కూర్చునేవాడు. ఆ మాటలు వినబడకూడదని తాగేవాడో, తాగినందుకే వినబడేవో మాకెవరికీ అంతుపట్టలేదు. మా అత్తగారు దయ్యమన్నది, మా అన్న నాటకమన్నాడు. చివరికి ఒకరోజు బావి గట్టు మీద నుంచి ఆయన్ని రెక్కపట్టి లాక్కొచ్చుకున్నాక, ఇక లాభం లేదని తిరుపతిలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఇవి రెండు జబ్బులమ్మా, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటున్నాయి, రెండింటినీ కలిపే చూడాలి అని మాత్రలు రాసిచ్చి, ఇట్లాంటి రెండు బాధలూ ఉన్నవాళ్లే ప్రతి ఆదివారం ఒకచోట కలుసుకుంటారు, అక్కడికీ పంపించు అన్నాడాయన.

నాది పుట్టు అనుమానం. తాగుబోతులంతా ఒకచోట చేరి తాగకుండా కూర్చుంటారంటే ఎవరైనా నమ్ముతారా, మీరే చెప్పండి? పైగా వాళ్లు కలిసేది ఒక చర్చి వెనక గదిలోనట, పేర్లు బయటికి చెప్పరట, వాళ్లకు పెద్దమనిషి రిటైరైన బస్సు కండక్టరట, ఆయనా చర్చికి పోయే మనిషేనట. ఇంకేముంది, ఇది మతంలో కలుపుకునే ఎత్తేనని తేల్చేసుకున్నాను. అందుకే ఆయన్ని అక్కడికి పంపే ముందు కాణిపాకం తీసుకుపోయి, తలస్నానం చేయించి, వినాయకుడి ఎదుట ఇక మందు ముట్టనని ప్రమాణం చేయించాను. కోర్టులో జంకకుండా అబద్ధమాడేవాడు కూడా కాణిపాకంలో ఆడడు గదా.

కొన్నాళ్లు ఇల్లు ఇల్లులాగే ఉంది. తర్వాత ఆయనకు నిద్ర కరువైంది, తిండి పోయింది, మళ్లీ చెవులు మూసుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే, మందు ముట్టలేదే, సామి తోడు అంటాడు. నోరు వాసన చూశాను, చొక్కా చూశాను, గడ్డివామి కూడా వెతికాను, ఏమీ లేదు. అయితే వాసన రాని సరుకేదో ఆ గుంపే పోస్తోందన్నమాట! ఒక ఆదివారం ఆయన పోయిన బస్సు వెనకే ఇంకో బస్సెక్కి నేనూ తిరుపతిలో దిగాను.

గదిలో గుండ్రంగా వేసిన కుర్చీలు, టీ గ్లాసులు, పళ్లెంలో మురుకులు. గుమ్మంలోనే నిలబడి అరిచాను. "మా ఆయనకి ఏం తాగిస్తాండారు ఈడ?"

ఒక్కరికీ కోపం రాలేదు. దాంతో నా అనుమానం ఇంకాస్త పెరిగింది. కండక్టరాయన నాకు కుర్చీ వేసి, మా ఆయన ముఖం కేసి కాసేపు చూసి మెల్లగా అడిగాడు. "అప్పా, మాత్తర్లు మింగతాండావా?"

"మందు ముట్టనని సామి కాడ ప్రమాణం చేసినా గదన్నా. ఈమె ముందరే చేసినా. మాత్తర్లూ మందే గదా," అన్నాడు మా ఆయన.

సారాతోపాటు మాత్రలూ ఆ రోజే మానేశాడు మహానుభావుడు! డాక్టరిచ్చింది ఆ లెక్కలోకి రాదయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తల అడ్డంగా ఊపాడు. మాట తప్పితే సామి నిన్నే తీసుకుపోతాడంట, చెరుకుతోటలో వాళ్లు పొద్దస్తమానం అదే చెప్తాండారు అన్నాడు. నా కోసం, నేనెక్కడ పోతానోనని, ఆ నరకమంతా పంటి బిగువున భరిస్తున్నాడు. అంతమంది ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ప్రార్థన ఒక్కటి చాలని ఎవరో చెబితే తానూ ఒకప్పుడు మాత్రలు మానేసి రోడ్లు పట్టి తిరిగానని కండక్టరాయన చెప్పాడు. ఆ మీదట లేచి నిలబడ్డాడు. "ఈయన మన మాట ఇనడు, డాక్టరు మాటా ఇనడు. సామితోనే తేల్చుకుందాం, లెయ్యండప్పా."

ఆ గదిలో మగవాళ్లంతా మాతో బస్సెక్కారు. చర్చి మనిషికి మా గుడిలో ఏం పనా అని నేను దారిపొడవునా ఆయన్నే కనిపెడుతూ కూర్చున్నాను. ఆయన గుడి బయటే ఆగిపోయి, మీరు పోయి రాండి, చెప్పులు నేను చూసుకుంటా అన్నాడు. లోపల మావాళ్లంతా చుట్టూ నిలబడితే మా ఆయన చేతులు జోడించాడు. "సారాయి, బ్రాందీ ముట్టను సామీ. డాక్టరిచ్చిన మాత్తర్లు మానను. ముందు మాట తెలీక చెప్పినా." తర్వాత నా వైపు తిరిగి, సామి ఒప్పుకున్నాడంటావా అని బిక్కమొహం వేసి అడిగాడు. కన్నతల్లి మాటనైనా ఒకటికి రెండుసార్లు తిప్పి చూసే నేను, ఒప్పుకున్నాడు అని వెంటనే చెప్పేశాను. బయటికొచ్చాక కండక్టరాయన నీళ్లందిస్తే, మా ఆయన ఆ చెప్పుల పక్కనే కూర్చుని, వచ్చేదారిలో కొన్న మాత్ర మింగాడు.

ఆ తర్వాత పూర్తిగా బాగుపడిపోయాడంటే అబద్ధం. నడుమ నడుమ మళ్లీ తాగుడులోకి జారాడు, జారినప్పుడల్లా వాళ్లలో ఎవరో ఒకరు మా పల్లెకు బస్సు దిగేవాళ్లు. మళ్లీ బెల్లం వండించాడు, మనవరాలిని ఎత్తుకున్నాడు, నిద్రలోనే పోయాడు. కండక్టరాయన అంతకు ముందే పోయాడు, మిగతావాళ్లు తలోదారి అయ్యారు. ఇప్పుడు ఎటు చూసినా తాగుడు మాన్పించే చోట్లు, పెద్ద పెద్ద బోర్డులు. ఫోనులోనూ ఇట్లాంటి గుంపులున్నాయంటుంది మనవరాలు. ఉండనీ, మంచిదే. కానీ ఒక మనిషి మాత్ర మింగడం లేదంటే, ఆ ఫోనులో నుంచి లేచి బస్సెక్కేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. పిల్లలు నన్ను అనుమానపు అవ్వ అని ఆట పట్టిస్తారు. అవన్నీ పైపై అనుమానాలే, ఆయన పోయినప్పటి నుంచి వాటిలో పస లేదు. అనుమానపడటానికైనా ఇంట్లో ఒక మనిషి ఉండాలి గదా.